సర్కారు కొలువు, ప్రైవేటు కొలువు: జీతమును పనితనమును

ఉన్నతపాఠశాల విడిచి పోవు విద్యార్థుల తలిదండ్రులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "మావానికి సర్కారు కొలువు దొరకు మార్గమేది?" అని వారడుగుదురు. ఆ తలిదండ్రులే పనిమీద ఏదేని కచేరికి మూడుమారులు తిరిగి, పని కాక యింటికి వచ్చినచో, "సర్కారువారికి జీతములు మెండు, పని సున్న" యని నిట్టూర్చుదురు. మన బిడ్డలకు కోరు కొలువునే ఇతరులయందు మనము నిందించుచున్నాము. ఇందులో సత్యమెంత? ప్రభుత్వోద్యోగులకు నిజముగా అధికవేతనములు ముట్టుచున్నవా? ప్రైవేటు సంస్థలలో పని నిజముగా ఎక్కువ చక్కగా జరుగుచున్నదా? జీతము పెంచినచో పనితనము పెరుగునా? ఈ మూడు ప్రశ్నలను అంకెల సాయముతో పరిశీలింపవలెనని మా యుద్దేశము.

1. జీతము నిర్ణయమగు విధము

మన దేశమున కేంద్రప్రభుత్వోద్యోగుల జీతములను విచారించుటకు అప్పుడప్పుడు వేతనసంఘములు ఏర్పడుచుండును. మొదటి సంఘము 1946లో ఏర్పడి, 1947లో నివేదిక నిచ్చెను. మిక్కిలి చిన్న ఉద్యోగికి కరువుభత్యముతో గూడ నెలకు 55 రూపాయలు ఉండవలెనని అది సూచించెను. ఏడవ సంఘము జస్టిస్ అశోక్ కుమార్ మాథుర్ గారి అధ్యక్షతను విచారణ జరిపి 2015 నవంబరులో నివేదిక నిచ్చెను. దానిని బట్టి 2016 జనవరి 1వ తేదీ నుండి కనిష్ఠ మూలవేతనము 18,000 రూపాయలును, గరిష్ఠ మూలవేతనము 2,50,000 రూపాయలును అయినవి.

ఈ 18,000 రూపాయలు ఊహించి వ్రాసిన అంకె కాదు. 1957లో జరిగిన పదునైదవ భారత కార్మికసమావేశము దీనికొక లెక్క నేర్పరచెను. పనివానికి 1 భాగము, భార్యకు 0.8, ఇద్దరు పిల్లలకు ఒక్కొక్కరికి 0.6 చొప్పున, కుటుంబము మొత్తము 3 భాగములని ఎంచిరి. ఈ మూడు భాగములకు చాలిన బియ్యము, పప్పు, కూరగాయలు, పాలు, నూనె మొదలగు ఆహారమును, సాలుకు 72 గజముల బట్టను, ఇంటి అద్దెను, వంటచెరకును, దీపపు ఖర్చును కూడి కనిష్ఠవేతనమును గట్టవలెనని నిశ్చయించిరి. ఆహారపు కొలతలు డాక్టరు వాలేస్ ఐక్రాయిడ్ గారివి. ఆయన కూనూరులోని పోషకాహార పరిశోధనాలయమునకు అధ్యక్షులుగా నుండిరి. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా మన నడుమ నున్నది. కాబట్టి సర్కారు కనిష్ఠజీతమునకు మూలము పనియొక్క వెల గాదు. ఒక కుటుంబము గౌరవముగా బ్రతుకుటకు వలయు ఖర్చు. ఈ మాటను విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను.

గరిష్ఠమునకును కనిష్ఠమునకును గల తారతమ్యమును గూడ చూడుడు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజసేవకుల వేతనముల పట్టిక యొకటి కలదు. అందు మంత్రి, పురోహితుడు మొదలగువారికి 48,000 పణములు. అందరికంటె క్రిందివారికి 60 పణములు. అనగా 800 రెట్లు భేదము. ఏడవ సంఘపు పట్టికలో ఆ భేదము ఇంచుమించు 14 రెట్లు మాత్రమే.

మూలవేతనముతోనే లెక్క ముగియదు. కరువుభత్యము, ఇంటి అద్దె భత్యము, సెలవులు, వైద్యసహాయము దానికి చేరును. 2004 జనవరి 1వ తేదీకి పిదప చేరిన కేంద్రోద్యోగులకు పాత పింఛను పద్ధతి తీసివేయబడినను, 2025 ఏప్రిలు నుండి కోరినవారికి కొంత నిశ్చితమైన పింఛనునిచ్చు పద్ధతి యొకటి అమలులోనికి వచ్చినది. వీటన్నిటికంటె విలువైనది కొలువు భద్రత. విచారణ జరుపక, సంజాయిషీ చెప్పుకొను అవకాశమీయక ప్రభుత్వోద్యోగిని పనినుండి తొలగింపరాదని మన రాజ్యాంగము 311వ అధికరణమున సామాన్యనియమముగా విధించుచున్నది. పై అధికారి అన్యాయాజ్ఞకు లోబడక నిలుచు నిజాయితీపరునకు ఇది కవచము. సోమరికి నిదియే గొడుగు.

2. ఎవరి జీతము ఎవరి జీతముకంటె ఎక్కువ

"ప్రభుత్వోద్యోగులకు జీతములు ఎక్కువయా, తక్కువయా?" అను ప్రశ్నకు ఒకే సమాధానము లేదు. ఏ మెట్టుమీది ఉద్యోగియని ముందుగా అడుగవలెను. ఏడవ వేతనసంఘము కోరగా అహమ్మదాబాదులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంటువారు ఇరుపక్షముల జీతములను పోల్చి చూచిరి. సర్కారులో అన్నిటికంటె క్రింది మెట్టుననున్న సహాయకునికి అప్పటికి అన్నియు కలిసి నెలకు 22,579 రూపాయలు ముట్టుచుండగా, వారు పరిశీలించిన ప్రైవేటు సంస్థలలో అట్టివానికే 8,000 మొదలు 9,500 రూపాయలవరకు మాత్రమే ముట్టుచుండెను. భేదము రెండు రెట్లకు మించినది.

పైమెట్లకు పోవుకొలది సంగతి మారును. ఇందుకు అమెరికా సంయుక్తరాష్ట్రముల లెక్క మంచి యుదాహరణము. అక్కడి శాసనసభకు ఆదాయవ్యయముల సంగతులు తెలుపు కార్యాలయము 2017లో ఒక నివేదిక ప్రకటించెను. హైస్కూలు చదువుతో ఆపినవారికి కేంద్రప్రభుత్వపు కొలువులో, తమవంటి ప్రైవేటు ఉద్యోగులకంటె నూటికి 34 వంతులు ఎక్కువ జీతము; పట్టభద్రులకు 5 వంతులు మాత్రమే ఎక్కువ; వృత్తివిద్యలలో పై పట్టములుగాని డాక్టరు పట్టముగాని పొందినవారికి 24 వంతులు తక్కువ. ప్రైవేటు సంస్థలు బేరము ననుసరించి జీతమిచ్చును. చేతులు విరివిగా దొరకుచోట తక్కువయు, నేర్పరి అరుదుగా దొరకుచోట ఎక్కువయు ఇచ్చును. ప్రభుత్వమో, ప్రజల కన్నులయెదుట జీతమిచ్చుచున్నది గనుక క్రిందివానిని పస్తుంచలేదు, పైవానికి సిరులు గుప్పింపలేదు.

బంట్రోతు జీతమును జూచి సర్కారు ధనమును వ్యర్థము చేయుచున్నదని యనువారు ఒక్క విషయమును యోచింపవలెను. పైన చెప్పిన మూడు భాగముల కుటుంబము 8,000 రూపాయలతో ఎట్లు గడచును? రెండు జీతములలో ఒకటి ఎక్కువయని తేల్చుటకు ముందు, రెండవది చాలునా యని అడుగుట న్యాయము.

3. పనితనమును కొలుచుట యెట్లు

ప్రైవేటు అంగడికి కొలబద్ద సులభము. సరకు అమ్ముడుపోనియెడల నష్టము వచ్చును; నష్టము సాగినయెడల అంగడి మూతపడును. ప్రభుత్వ కార్యములకు అట్టి కొలబద్ద లేదు. మన దేశమున 1,64,000కు పైగా తపాలా కచేరులు కలవు. వానిలో పదింట తొమ్మిది పల్లెలలో నున్నవి. లాభమునే చూచు కంపెనీ యేదియు కొండపల్లెలో ఒక్క జాబుకొరకు మనిషిని నడిపింపదు. లాభములేని తావునకు బోవుటయే ప్రభుత్వముయొక్క పని గనుక, ఆ ఖర్చును జూపి అసమర్థతయని కొట్టివేయరాదు.

అయినను ఈ సమాధానము చాటున సోమరితనము దాగుటకును వీలులేదు. 2003లో ముందు తెలుపకుండ జరిపిన తనిఖీలలో, మన దేశపు ప్రభుత్వ ప్రాథమికపాఠశాలలలో నూటికి 25 మంది ఉపాధ్యాయులు బడిలో లేరని తేలెను; పాఠము చెప్పుచుండినవారు ఇంచుమించు సగముమందియే. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలోని సిబ్బందిలో నూటికి 40 మంది లేరు. ఉపాధ్యాయులమైన మాకు ఈ అంకెలు చేదుగనే యున్నవి. అంతమాత్రమున వానిని మరుగుపరచుట తగదు.

ఒకే పనిని ఇరువురును చేయుచోట పోలిక సరిగా కుదురును. పాఠశాల అట్టి తావు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఐదు జిల్లాలలో 180 గ్రామములను తీసికొని, చీట్లు వేసి, కొందరు పేద పిల్లలకు ప్రైవేటు బడులలో చదువుకొను ధనసహాయము నిచ్చిరి. నాలుగేండ్లు గడచిన పిదప పరీక్షింపగా, చీటి దొరకిన పిల్లలకును దొరకని పిల్లలకును తెలుగులోను గణితములోను భేదము కానరాలేదు. ప్రైవేటు బడులు ఈ రెండు విషయములకు తక్కువ వేళను కేటాయించి, మిగిలిన వేళను హిందీ మొదలగువానికి వినియోగించినవి. హిందీలో ఆ పిల్లలు స్పష్టముగా మించిరి. ప్రైవేటు బడిలో ఒక్కొక్క పిల్లవానికగు ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడవవంతుకంటె తక్కువ.

ఇది చూచి ప్రైవేటు బడియే దక్షమైనదని తొందరపడి తీర్పు చెప్పరాదు. ఆ ఖర్చు ఏల తగ్గినది? ముఖ్యముగా ఉపాధ్యాయుల జీతములు అత్యల్పములగుటవలన. తక్కువ వేళలో అంతే చదువు చెప్పుట దక్షత, అది మెచ్చదగినది. అంతే పనికి తక్కువ కూలి యిచ్చుట చౌకదనము. దానిని దక్షతయని పిలువరాదు. పల్లెబడిలో కొద్దిపాటి జీతమునకు నాలుగు తరగతులు చెప్పు ఉపాధ్యాయిని యింటి పస్తు ఏ ఖర్చుపుస్తకములోను కనబడదు. ఆ ఖర్చు లేకపోలేదు, ఆమె మోయుచున్నది.

4. జీతము పెంచిన పని పెరుగునా

"జీతము బత్తెము లేకుండ తోడేలు మేకలను కాచెదనన్నదట" యని మన పెద్దలు చెప్పుదురు. చాలని జీతమునకు అధికారమును అప్పగించుట అపాయకరము. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు స్వల్పజీతములు పుచ్చుకొనుచు, స్వంత వ్యాపారములవలన ప్రజలను పీడించి ధనవంతులగుచుండిరి. 1786లో వచ్చిన కారన్‌వాలిస్ ప్రభువు కలెక్టరునకు నెలకు 1,500 రూపాయల జీతమును, వసూలైన శిస్తుపై నూటికి ఒక రూపాయి వంతును ఏర్పరచి, స్వంత వ్యాపారమును నిషేధించెను. తగిన జీతము నిజాయితీకి మొదటి మెట్టు.

అది మొదటి మెట్టే గాని మేడ కాదు. ఇండొనేషియా ప్రభుత్వము 2005లో ఒక చట్టము చేసి, యోగ్యతాపత్రము పొందిన ఉపాధ్యాయుల జీతమును రెండింతలు చేయ నారంభించెను. పరిశోధకులు 360 పాఠశాలలను తీసికొని, చీట్లు వేసి 120 పాఠశాలలలోని ఉపాధ్యాయులకు ఆ పెంపు ముందుగా దొరకునట్లు చేసిరి. ఉపాధ్యాయులు సంతృప్తిచెందిరి, అప్పుల బెడద తగ్గెను, రెండవ కొలువు చేయువారు తగ్గిరి. కాని రెండు మూడేండ్ల పిదపను పిల్లల చదువులో మార్పేమియు కానరాలేదు. మంచి జీతమును జూచి ముందుముందు మేలైనవారు ఈ వృత్తిలో చేరుదురను వాదము కలదు. అది పలుయేండ్లకు గాని తేలదు. ఉన్నవారి పని మాత్రము, ఊరక పెంచిన జీతమువలన పెరుగలేదు.

దీనికి ప్రక్కనే మన యింటి యుదాహరణము నుంచి చూడుడు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 300 సర్కారు ప్రాథమికపాఠశాలలలో మరియొక పరిశోధన ఆరంభమయ్యెను. 200 బడులలో, పిల్లల సగటు మార్కులు ఒక హద్దు దాటి పెరిగినప్పుడు, పెరిగిన ప్రతి ఒక వంతునకు 500 రూపాయల చొప్పున ఉపాధ్యాయులకు బహుమానము నిచ్చిరి. మిగిలిన 100 బడులను పోలికకై యట్లే యుంచిరి. సగటు బహుమానము ఉపాధ్యాయుని ఏడాది జీతములో నూటికి 3 వంతులంత మాత్రమే. రెండేండ్లకు, 100 మందిలో నడిమి స్థానమున నుండవలసిన పిల్లవాడు గణితములో మరి పదిమందిని, భాషలో దాదాపు ఏడుగురిని దాటిపోయెను. బహుమానములేని సామాన్యశాస్త్రము, సాంఘికశాస్త్రములందును పిల్లలు మెరుగుపడిరి. చిత్రమేమనగా, ఉపాధ్యాయుల గైరుహాజరు తగ్గలేదు. బడికి వచ్చిన దినములలో వారు ఎక్కువ పాఠములు చెప్పిరి, ఇంటిపని యెక్కువ యిచ్చిరి.

రెండింతల జీతము చేయలేని పనిని నూటికి మూడు రూపాయలు చేసెను. కారణము తెలియుచునే యున్నది. మొదటి ధనమునకు పనితో ముడి లేదు. రెండవదానికి ముడి కలదు. అయితే ఈ ముడి అన్ని చోట్లను ఒకే విధముగా వేయదగినది కాదు. కేసుల లెక్కనుబట్టి పోలీసువానికి బహుమానమిచ్చినచో, నిరపరాధులకు బాధ కలుగును. పనిని కొలువలేని తావులలో ధనముకంటె మంచి పర్యవేక్షణము, తోటివారి యెదుట మర్యాద, చేసినవానిని గుర్తించుట ఎక్కువ మేలు చేయును.

5. ముగింపు

కావున మా నిర్ణయమిది. జీతము కుటుంబమునకు చాలవలెను, ఇది న్యాయము. చాలిన జీతము పనితో ముడిపడవలెను, ఇది దక్షత. సర్కారు కొలువులో క్రిందివారికి మొదటిది కలదు, రెండవది కొరత. అనేక ప్రైవేటు కొలువులలో రెండవది కలదు, మొదటిది కొరత. ఒకరినొకరు నిందించుకొనుటకంటె ఒకరివద్ద లేనిదానిని ఒకరు నేర్చుకొనుట మేలు.

తలిదండ్రులకు ఒక మనవి. 2019లో రైల్వేవారు ప్రకటించిన సుమారు 35,000 కొలువులకు 1 కోటి 25 లక్షల దరఖాస్తులు వచ్చినవి. ఒక్కొక్క కొలువునకు 350కి పైగా. ప్రయత్నింపవలదని మేమనము, కాని కుమారులను కుమార్తెలను ఒక్క తలుపు ముందే యేండ్లకొలది నిలువబెట్టక, చేతికొక పనియు నేర్పింపుడు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు సర్కారు బల్లవెనుక కూర్చుందురు. కొందరు కంపెనీలలో పనిచేయుదురు. కొందరు ఇతరులకు జీతములిచ్చు యజమానులగుదురు. బల్లవెనుక కూర్చున్నవారు, మూడుమారులు తిరిగి వచ్చిన ముసలివానిని మీ తాతగా నెంచుడు. యజమానులైనవారు, మీరిచ్చు జీతముతో మూడు భాగముల కుటుంబము గడచునా యని నెలకొకసారి లెక్క వేయుడు.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. మీ యింట నలుగురికి ఒక నెలకు పట్టు బియ్యము, పప్పు, నూనె, పాలు, బట్టల ఖర్చును తలిదండ్రుల నడిగి లెక్కకట్టుము. ఎంత జీతము చాలును?

2. చౌకదనమునకును దక్షతకును గల భేదమును మీ యూరి అంగడినుండి యొక యుదాహరణముతో వివరింపుము.

3. తపాలాబంట్రోతు, పోలీసువాడు, ఉపాధ్యాయుడు: వీరిలో ఎవరి పనిని కొలుచుట సులభము? ఎవరిది కష్టము? ఏల?