కళాశాల యువతను మద్యం నుంచి మళ్లించే మార్గం

పత్తర్‌గట్టిలో పెరిగిన ఏ ముస్లిం పిల్లవాణ్ణి అడిగినా మద్యం హరామ్ అనే చెబుతాడు. అయినా కాలేజీలో చేరాక కొందరు ఆ ఊబిలో దిగుతున్నారు. అంటే, తెలియజేయడం ఒక్కటే చాలదు. మరి మనం చేయవలసిందేమిటి?

దివ్య ఖుర్‌ఆన్ మద్యాన్ని ఒక్కసారిగా నిషేధించలేదు. మొదట దాని లాభం కన్నా పాపమే పెద్దదని చెప్పి ఆలోచింపజేసింది (2:219). తర్వాత మత్తులో నమాజు దరికి పోవద్దన్నది (4:43). ఐదు పూటల నమాజు మధ్య తాగే వేళలు తగ్గిపోయాయి. చివరికి పూర్తిగా మానమని ఆజ్ఞ వచ్చింది (5:90-91). అప్పటికి మనసులు సిద్ధమయ్యాయి గనుక మదీనా వీధుల్లో మద్యం పారబోశారు. నేడు ధర్మాజ్ఞలో మెట్లు లేవు, ఒక్క గుక్కయినా హరామే. కాని మనిషిని మాన్పించే పద్ధతిలో మెట్లున్నాయి.

మనస్తత్వ శాస్త్రం చెప్పే మూడు విషయాలు ఇందుకు తోడ్పడతాయి.

1. భ్రమను తొలగించడం: తోటివారు మద్యాన్ని తమకన్నా ఎక్కువగా సమర్థిస్తారని విద్యార్థులు పొరబడుతున్నట్లు 1986లో అమెరికాలో వెలువడిన పెర్కిన్స్, బెర్కోవిట్జ్‌ల పరిశోధన తెలిపింది. “అందరూ తాగుతున్నారు” అన్నది చాలావరకు అపోహే. తాగనివారు మౌనంగా ఉంటారు గనుక లెక్కలోకి రారు.

2. జవాబును సిద్ధం చేసుకోవడం: “ఇక తాగను” అన్న సంకల్పం ఒక్కటే నిలవదు. “స్నేహితుడు గ్లాసు అందిస్తే, వద్దని చెప్పి లేచి వచ్చేస్తాను” అని ముందే నిర్ణయించుకుంటే ఆ క్షణంలో తడబాటు ఉండదు.

3. అవమానించకపోవడం: రాత్రి దుకాణం మూసి ఇల్లు చేరిన తండ్రికి కొడుకు నోట వాసన తగిలితే ముందు చెయ్యి లేస్తుంది. ఆ దెబ్బతో కొడుకు తాగుడు మానడు, దాచడం నేర్చుకుంటాడు. తాగి శిక్ష అనుభవించిన వ్యక్తిని ఒకరు శపించగా, సోదరునికి విరోధంగా షైతానుకు సాయపడవద్దని దైవప్రవక్త (సఅసం) వారించారని బుఖారీ హదీసు. అమెరికా మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించిన పద్ధతి కూడా ఇదే: నిందించకుండా అడగాలి, మానడానికి గల కారణాన్ని అతని నోటనే పలికించాలి.

ఒక హెచ్చరిక. రోజూ విపరీతంగా తాగేవారు హఠాత్తుగా మానితే మూర్ఛలు రావచ్చు. అలాంటివారిని వైద్యుని పర్యవేక్షణలోనే మాన్పించాలి. 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా పొందవచ్చు.

కనుక ఈ రాత్రి మన పిల్లల పక్కన కూర్చుందాం. ముందు వారు చెప్పేది విందాం. అల్లాహ్ మన యువతను ఈ కీడు నుంచి కాపాడుగాక! ఆమీన్.