చంద్రుడి మీద నీళ్ళు, మన బోరులో నీళ్ళు

తూర్పున సముద్రం పక్కన శ్రీహరికోట ఉంది. పడమట వెలిగొండల పక్కన సీతారామపురం ఉంది. 2022 దాకా రెండూ నెల్లూరు జిల్లాలోనే ఉండేవి.

శ్రీహరికోట నుంచి 1971లో మొదటి రాకెట్టు ఎగిరింది. 2008లో చంద్రయాన్ అక్కడినుంచే వెళ్ళింది. చంద్రుడి మట్టిలో నీటి జాడ ఉందని 2009లో చెప్పారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. దేశమంతా సంతోషపడింది. సంతోషపడాల్సిన పనే.

అయినా ఉదయగిరి, సీతారామపురం వైపు ఆడవాళ్ళకు ఒక అనుమానం వస్తుంది.

"అమ్మే, చంద్రుడి మీద నీళ్ళు కనిపెట్టినారంట గదా! మన బోరు నీళ్ళు బాగుచేసేదానికి చేతగాలేదా?"

"చేతనవుతుంది అత్తా. అది మన దాకా రావాల."

ఇది తెలివితక్కువ అనుమానం కాదు. అడగాల్సిన ప్రశ్నే.

నీళ్ళలో ఏముంది?

మెట్ట పల్లెల్లో చాలా బోర్ల నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. అది భూమి లోపలి రాళ్ళ నుంచి నీళ్ళలోకి దిగుతుంది. కంటికి కనపడదు. గుడ్డతో వడకట్టినా, కాచినా పోదు. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది. వేరే నీళ్ళు దొరకని చోట కూడా 1.5 దాటకూడదు. ఎక్కువైతే పిల్లల పళ్ళు గారపడతాయి. ఏళ్ళ తరబడి తాగితే కీళ్ళు బిగుసుకుపోతాయి. నడుము వంగిపోతుంది.

తెలియక కాదు

అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బు ఉందని డాక్టర్లు 1937లోనే రాశారు. అంటే శ్రీహరికోటలో రాకెట్టు ఎగరడానికి 34 ఏళ్ళ ముందే! 1970ల్లో ఫ్లోరైడ్ తీసే దారి కూడా కనిపెట్టారు. నీళ్ళలో పటిక, సున్నం కలిపి, తేర్చి, పైనీళ్ళు వాడుకోవడం. దాని పేరు నల్లగొండ పద్ధతి. ఎంత కలపాలో నీటి పరీక్షను బట్టి ఉంటుంది. తోచినంత వేయకూడదు.

మరి తేడా ఎక్కడ?

రాకెట్లు దండగ కాదు. 1977లో దివిసీమ ఉప్పెనలో వేలమంది చనిపోయారు. ఇప్పుడు తుపాను సముద్రంలో ఉండగానే ఉపగ్రహం చూపిస్తుంది. జనాన్ని ముందే తరలిస్తున్నారు.

1979లో మన పెద్ద రాకెట్టు ఒకటి సముద్రంలో పడింది. తప్పెక్కడో వెతికారు. ఏడాది తిరక్కుండానే, 1980 జులైలో, మళ్ళీ పంపి గెలిచారు. ఎందుకని? దేశమంతా చూస్తోంది కాబట్టి.

పల్లెల్లో ఇంటింటికీ కొళాయి ఇస్తామని 2019లో జల జీవన్ మిషన్ మొదలుపెట్టారు. 2024కల్లా అన్నారు. తరువాత గడువు 2028కి జరిగింది. రాకెట్టు ఆగితే పేపర్లో వస్తుంది. కొళాయి ఆగితే ఎవరు చూస్తారు? ఎవరు అడుగుతారు?

అడిగితే ఏమవుతుంది?

కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. అక్కడి ఆడవాళ్ళు రాత్రిబడిలో చదువు నేర్చారు. 1992లో సారా వద్దని ఎదురు తిరిగారు. ఊరూరా ఆడవాళ్ళు కలిశారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆగిపోయింది.

నీళ్ళ సంగతీ అంతే. ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్ష నేర్పాలని జల జీవన్ మిషన్‌లోనే ఉంది. ఆ అయిదుగురు ఎవరు? మన బోరులో ఫ్లోరైడ్ ఎంత? మంచినీళ్ళు ఏ తేదీకి ఇస్తారు? గ్రామసభలో అడగవచ్చు. జవాబు కాగితం మీద రాసి ఇమ్మనవచ్చు. చదువు వచ్చిన చేతికి ఆ కాగితం చాలా పనికొస్తుంది.

ఆలోచించండి - మాట్లాడుకోండి

1. మీరు తాగే నీళ్ళు ఎక్కడివి? వాటిని ఎప్పుడైనా పరీక్ష చేశారా?
2. మంచినీళ్ళ కోసం మీ ఇంట్లో నెలకు ఎంత ఖర్చవుతుంది? లెక్క రాయండి.
3. నీటి పరీక్ష చేయించమని మీ పంచాయతీకి ఒక అర్జీ రాయండి.

కొత్త మాటలు

ఉపగ్రహం, ఫ్లోరైడ్, పరీక్ష, గడువు, అర్జీ