చిన్న కుక్కల వెన్నుపూసల వ్యాధి – గృహస్థుల బాధ్యత

సిరొంచ, అహేరి, అల్లాపల్లి ప్రాంతములయందు పూర్వము కుక్క యనగా వాకిటి కుక్కయే. మిగిలిన అన్నము తిని, రాత్రి మొరిగి, పగలు చెట్టునీడను పడుకొనెడి దేశవాళీ జాతి. బండి క్రింద పడిననే తప్ప దాని నడుము పడిపోయిన మాట వినుట అరుదు. నేడు పరిస్థితి మారినది. 2003లో ఒక టెలిఫోను కంపెనీ తన ప్రకటనలలో పగ్గు జాతి కుక్కను చూపినది మొదలు దేశమంతట చిన్న కుక్కలపై మోజు పెరిగినది. కాళేశ్వరము వద్ద గోదావరిపై వంతెన పడిన పిమ్మట హైదరాబాదు, వరంగల్లులతో సిరొంచకు రాకపోకలు సులభమైనవి. పట్టణపు ముచ్చటలతో పాటు పట్టణపు కుక్కల రోగములను గూర్చియు గృహస్థులు తెలిసికొనవలసి యున్నది. వానిలో ముఖ్యమైనది వెన్నుపూసల మధ్యనుండు బిళ్ళలకు వచ్చు వ్యాధి.

వ్యాధి లక్షణములు మొదట స్వల్పముగా కన్పట్టును. నిన్నటివరకు మంచమెక్కి దూకిన కుక్క నేడు మెట్టెక్కదు. వీపు విల్లువలె వంచి నిలుచును, వణకును, ఎత్తుకొనబోయిన అరచును. కడుపు గట్టిగా బిగబట్టుకొనును గనుక ఇంటివారు అజీర్ణమని తలచి వామునీళ్ళు పోయుదురు. ఆ పిమ్మట వెనుక కాళ్ళు తూలుట, పాదము మడతపడి వ్రేళ్ళ పైభాగము నేలకు రాచుకొనుట, చివరకు కాళ్ళు ఈడ్చుట. ఇవన్నియు కొన్నిటికి వారములలోను, కొన్నిటికి కొన్ని గంటలలోనే జరిగిపోవును. దిష్టి తగిలినదని నిమ్మకాయ త్రిప్పుచు కూర్చుండిన ఆ గంటలు వృథా యగును.

కుక్కకు మెడయందు 7, వీపున 13, నడుమున 7 పూసలుండును. పూసకును పూసకును నడుమ మెత్తని బిళ్ళ యుండును. బూరెను తలచుకొనినచో దీని నిర్మాణము తెలియును. పైన నారలతో అల్లిన గట్టి పొర, లోపల జిగురువంటి పూర్ణము. పొట్టికాళ్ళ జాతులయందు, ముఖ్యముగా డాక్స్‌హుండ్ జాతియందు, ఆ పూర్ణము చిన్నవయసుననే ఎండి సున్నపుగడ్డవలె నగును. ఒకనాడు పొర చిట్లి గడ్డ పైకి దూసికొని వచ్చి వెన్నుపామును నొక్కివేయును. చివరి ప్రక్కటెముకల దగ్గర ఇది తరచుగ జరుగును. ఈ వ్యాధిలోని రెండు విధములను స్వీడను దేశపు పశువైద్యుడు హాన్సెన్ 1952లో విశదపరచెను. కాళ్ళను పొట్టిగా చేయు జన్యువులలో ఒకటియే బిళ్ళలనుగూడ చెరచునని 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖవారు కనుగొనిరి. డాక్స్‌హుండులలో సుమారు అయిదింట ఒకదానికి జీవితకాలమున ఈ బాధ తప్పదు. పొట్టి కాళ్ళకు ముచ్చటపడి కొనువాడు ఈ రోగమునకుగూడ అదే బేరములో డబ్బు చెల్లించుచున్నాడని చెప్పక తప్పదు.

వెన్నుపూసల ప్రసంగము వచ్చినది గనుక ఒక్క మాట. సిరొంచ తాలూకాలోని పోచంపల్లి వద్ద 1958–61 మధ్య రాతిపొరలలో దొరకిన మహాకాయపు బల్లి ఎముకలు నేడు కలకత్తాలోని భారతీయ గణాంకశాస్త్ర సంస్థలో నిలబెట్టబడి యున్నవి. దానికి 1975లో బరపాసారస్ అని పేరు పెట్టిన నలుగురు శాస్త్రజ్ఞులలో ఎస్. ఎల్. జైన్ ఒకరు. కోట్ల ఏండ్లనాటి వెన్నెముకను అంత జాగ్రత్తగా మోసికొనిపోయిన ఈ నేలమీద బ్రతికియున్న చిన్న వెన్నెముకను మోయుటకు అంతకంటె శ్రద్ధ కావలెను. కుక్కను చంకలక్రింద పట్టి ఎత్తరాదు. ఒక చేయి రొమ్ముక్రింద, ఒక చేయి పిరుదులక్రింద నుంచి, త్రాసు కాడవలె వీపు సమముగా నుండునట్లు ఎత్తవలెను.

వైద్యులు వ్యాధిని అయిదు మెట్లుగా లెక్కింతురు. మొదటిది నొప్పి మాత్రమే. రెండవదానిలో తూలుచునైనను నడచును. మూడవదానిలో నడక పోవును గాని కాళ్ళు కదలును. నాలుగవదానిలో కదలికయు పోవును, కాని వ్రేలిని గట్టిగా నొక్కిన నొప్పి తెలియును. అయిదవదానిలో ఆ తెలివియు పోవును. ఇక్కడ పలువురు పొరబడుచుందురు. వ్రేలు నొక్కగానే కాలు వెనుకకు లాగుకొనుట నొప్పి తెలిసినదనుటకు గుర్తు కాదు, అది వెన్నుపాము తనంత తాను చేయు పని. కుక్క తల త్రిప్పి చూచినను, అరచినను, కరవబోయినను అది గుర్తు. ఈ పరీక్షను వైద్యునికి విడిచిపెట్టవలెను. ఇంట పదేపదే చేయుట హింసయే.

వెనుక కాళ్ళు పడిన ప్రతి కుక్కకును ఇదే రోగమని అనుకొనరాదు. కట్లపాము కాటు, దెబ్బ, డిస్టెంపరు జ్వరము కూడ కాళ్ళను పడవేయును. పగ్గు జాతిలో పుట్టుకతోనే పూసలు వంకరగా నుండుటయు కలదు. అన్నిటికంటె ముఖ్యమైనది పిచ్చికుక్క వ్యాధి. టీకా వేయని కుక్కకు కాళ్ళు పడి, దవడ వ్రేలాడి, చొంగ కారుచుండిన నోటిలో చేయి పెట్టరాదు, వెంటనే పశువుల దవాఖానాకు తెలుపవలెను. ఇంటి పిల్లలను దగ్గరకు రానీయరాదు.

సిరొంచకు జిల్లా కేంద్రమైన గడ్చిరోలి 200 కిలోమీటర్ల ప్రాంతమున నున్నది. మామూలు ఎక్స్‌రేలో వెన్నుపాము కనబడదు, ఎం.ఆర్.ఐ. గాని సి.టి. గాని తీయించవలెను. అంతటి పరీక్షకును ఆపరేషనుకును పెద్ద నగరమే గతి. నాగపూరులోను, హైదరాబాదు రాజేంద్రనగరములోను పశువైద్య కళాశాలలు గలవు. బయలుదేరుటకు ముందు ఫోనుచేసి, ఆ వారము ఆ పని చేయగలవారు ఉన్నారా యని అడిగికొనుట మేలు. నొప్పి తెలియుచుండగా ఆపరేషను జరిగినచో నూటికి తొంబదికి పైగా మరల నడచుచున్నవి. తెలివి పోయిన పిదప అయినచో సుమారు సగము మాత్రమే. అయిదవ మెట్టున నున్న కుక్క విషయమున మరునాటి బస్సుకు చూతమనుట పనికిరాదు. శస్త్రచికిత్సను ఛేదమను దోషముగా తలచి వెనుదీయువారు కొందరు గలరు. పుండు కోసి మాన్పుట ఆ దోషములోనికి రాదని వ్యాఖ్యాతలు ఏనాడో తేల్చి యున్నారు.

ఆపరేషను అందరికిని సాధ్యము కాదు, అందరికిని అవసరమును కాదు. నొప్పి మాత్రమే యున్నవియు, తూలుచు నడచునవియు నూటికి ఎనుబది ప్రాంతమున విశ్రాంతితోను మందుతోను కోలుకొనును. నడక పోయినను నొప్పి తెలియు వానిలో సగమునకు పైగా లేచును. అయితే విశ్రాంతి యనగా ఇంట తిరుగనిచ్చి మెట్లు మాత్రము ఎక్కనీయకుండుట కాదు. కనీసము 4 వారములు పెట్టెలోనో, చుట్టును కట్టిన చిన్న కంచెలోనో ఉంచవలెను. లేచి నిలిచి ఒక్కసారి తిరుగుటకు చాలినంత చోటు, అంతే. మలమూత్రములకు మాత్రము ఎత్తుకొనిపోయి, కడుపుక్రింద తువ్వాలు వేసి పట్టుకొని, రెండు నిముషములలో మరల లోపల నుంచవలెను.

జైన గృహస్థునికి చిక్కు ఇక్కడనే వచ్చును. తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున అహింసాణువ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో మొట్టమొదటిది బంధము. మూగజీవిని కట్టి బంధించుట దోషమని చిన్ననాటినుండి విన్నవారు పెట్టెలో అరచుచున్న కుక్కను చూచి మూడవనాడే తలుపు తీయుదురు. అది ఆనందముతో గెంతును, ఆ గెంతుతో మిగిలిన పూర్ణము కూడ బయటపడును. అయితే పూర్వాచార్యులు బంధమును ఒకే విధముగా చూడలేదు. కోపముతోగాని నిర్లక్ష్యముతోగాని బిగించి కట్టుట వేరు. ఆ ప్రాణి మేలుకొరకు, అగ్ని మొదలగు ప్రమాదము వచ్చిన వెంటనే విడిపించుటకు వీలుగా, వదులుగా కట్టుట వేరు. ఈ భేదమును తెలిసికొనిన ఇల్లాలు తలుపు తీయదు. పెట్టె ప్రక్కనే కూర్చుండి బియ్యము ఏరుకొనును, కుక్కకు తోడుండును.

సిరొంచ ఎండలలో పెట్టెను రేకుల కప్పుక్రింద నుంచరాదు. చల్లని గదిలో, గాలి తగులు చోట, నీళ్ళు ఎల్లప్పుడు అందునట్లుంచవలెను. నున్నని బండలపై కాళ్ళు జారును గనుక గోనెపట్టా పరచి, పైన మెత్తని బొంత వేయవలెను. వర్షకాలమున మందులు పదిదినములకు చాలునట్లు ముందే తెచ్చియుంచుట అవసరము. 2022 జూలైలో గోదావరి వరద ఈ తాలూకాను ఎట్లు ముంచినదో అందరును ఎరుగుదురు.

మందుల విషయమున సొంత తెలివి కూడదు. మనుష్యుల నడుమునొప్పి మాత్రలైన డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండములను చెరచును. డైక్లోఫెనాక్ వాడిన పశువుల కళేబరములను తినియే రాబందులు నశించినవి. 2006లో పశువులకు ఆ మందును ప్రభుత్వము నిషేధించినది. స్టిరాయిడును నొప్పిమాత్రను ఒకేసారి ఎన్నడును ఈయరాదు. ఒక వైద్యుడు ఒకటి, మరొకరు మరొకటి వ్రాసిన సందర్భములలో ఈ ప్రమాదము వచ్చును గనుక పాత చీటీని వెంట తీసికొనిపోవలెను. నొప్పి తగ్గగానే కుక్క ఆడబోవును. మందు పనిచేసినదే గాని వెన్ను మానలేదు. నూనె మర్దనచేసి నడుము విరిచెడి నాటువైద్యమును దగ్గరకు రానీయరాదు.

కాళ్ళు పడిన కుక్కకు నిజమైన ముప్పు చాలసార్లు మూత్రమువలన వచ్చును. మూత్రాశయము నిండిపోయి పొర్లి చుక్కలుగా కారుచుండగా, ఇంటివారు అది తానే పోసికొనుచున్నదని సంతోషింతురు. లోపల నిలిచినది కుళ్ళును. వైద్యునివద్ద కూర్చుండి, పొట్ట వెనుకభాగమును రెండు అరచేతులతో మెల్లగా నొక్కి ఖాళీచేయు పద్ధతిని చేతితో నేర్చుకొనవలెను. దినమునకు మూడుసార్లకు తక్కువ కారాదు. మూత్రము ఎఱ్ఱగానో దుర్వాసనతోనో యున్నచో వెంటనే చూపవలెను. నాలుగైదు గంటలకొకసారి ప్రక్క మార్చి, తడిసిన బట్ట తీసి, తొడలను గోరువెచ్చని నీటితో కడిగి ఆరబెట్టవలెను. లేనిచో పుండ్లు పడును. ఇది అసహ్యమని ముక్కు మూసికొనువారు సమ్యక్త్వమునకు చెప్పిన ఎనిమిది అంగములలో నిర్విచికిత్స యనునది గలదని మరచుచున్నారు. ఉద్దాయన మహారాజు రోగియైన మునికి చేసిన సేవ పిల్లలుకూడ ఎరిగిన కథయే.

ఆహారము తగ్గించుట అన్నపాననిరోధము కాదు. లావెక్కిన కుక్కకు ప్రతి అడుగును బరువే. నేయి, మిఠాయి, పాలకోవ మానిపించి కొలిచి పెట్టవలెను. నీళ్ళకు మాత్రము కొలత లేదు. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్టు కుక్కకు విషములు. ప్రసాదములోని కిస్మిసు ఏరి తీయవలెను. ఉల్లి, వెల్లుల్లియు విషములే గాని జైన గృహములలో ఆ భయము లేదు.

అయిదవ మెట్టు చేరిన కుక్కలలో పదింట ఒకదానికి ప్రాంతమున వెన్నుపామే కరగిపోవుచు కొన్ని దినములలో పైకి ప్రాకి ఊపిరి ఆపును. అట్టి స్థితిలో వైద్యుడు సూదితో కడతేర్చుట దయ యని చెప్పును. ఆయన మాటలో కఠినత్వము లేదు, ఆయన బాధను చూచి చెప్పుచున్నాడు. జైన గృహస్థుడు ఆ పనికి ఒప్పుకొనలేడు. సల్లేఖన తనంత తాను తెలిసి గైకొను వ్రతము, మూగజీవిపై మనము పెట్టదగినది కాదు. కాని సూది వద్దనినవాడు బాధను చూడక తలుపు మూసికొని పోరాదు. బలమైన నొప్పిమందులు అడిగి వేయించుట, రేయింబవళ్ళు ఒకరు దగ్గర నుండుట వాని విధి. చావబోవు కుక్క చెవిలో జీవంధరుడు పంచనమస్కారము చెప్పగా అది యక్షుడై పుట్టెనని పురాణము. ఆయన దాని ప్రక్కన కూర్చుండియే ఆ పని చేసెను.

వెన్నుపాము కరగక, నడక మాత్రము రాక మిగిలిపోవు కుక్కలు గలవు. అవి ఇంక వ్యర్థమని తలపవలసిన పనిలేదు. ప్లాస్టికు గొట్టములు, చిన్న చక్రములు, మెత్తని గుడ్డపట్టీలు తెచ్చి యిచ్చినచో సైకిలు దుకాణమువాడు వెనుక కాళ్ళను మోయు బండి కట్టి యీయగలడు. వీపు నేలకు సమముగా నుండవలెను, పట్టీ తొడసందున రాయరాదు. మొదట దినమునకు అయిదు నిముషములు, మెల్లగా పావుగంట. పండుకొనునపుడు విప్పివేయవలెను. బండి కట్టినను మూత్రము తీయు పని మూడు పూటలును ఉండనే యుండును.