మీటరు దగ్గర అరగంట

జనవరి ఒకటిన మా ఫ్రిజ్ తలుపు మీద ఓ కాగితం అంటించాను. బయట తిండి బంద్. అవసరం లేని లైటు వెలగకూడదు. ప్రతి రూపాయికీ పద్దు. కింద సంతకం కూడా పెట్టాను, రిజిస్ట్రారాఫీసులో దస్తావేజు లాగా. వాటిలో మొదటిది భోగి దాకా కూడా ఆగలేదు. మూడోది కనుమ నాడు పోయింది. రెండోది మాత్రం నిలబడింది. ఎందుకంటే అది నేను పాటించాల్సింది కాదు, ఇంట్లో మిగతావాళ్ళు పాటించాల్సింది.

ఆ తేడా అప్పట్లో నాకు తట్టలేదు. గది గదికీ తిరిగి స్విచ్చులు ఆర్పడం మొదలుపెట్టాను. మా ఆవిడ బాల్కనీలో ఆరేసిన బట్టలు తెచ్చుకునేలోగా వంటింట్లో చీకటి. మావాడు పెన్సిల్ కోసం పక్క గదిలోకి వెళ్ళొచ్చేసరికి వాడి బల్ల మీద చీకటి. "ఒరేయ్, నన్ను మంచం దాకా వెళ్ళనిచ్చి ఆర్పరా" అని అమ్మ రెండుసార్లు మొత్తుకుంది. నెలాఖరుకి బిల్లొచ్చింది. కిందటి నెలకంటే నాలుగు యూనిట్లు ఎక్కువ! మా ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆ బిల్లు తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద నా కాగితం పక్కనే అంటించింది.

"నాన్నా, అసలు ఏది ఎంత కరెంటు కాలుస్తుందో మనకి తెలుసా?" అన్నాడు మావాడు. పదో తరగతి. కరెంటు పాఠం అప్పుడే అయినట్టుంది. నాకు తెలియదు. ఇరవై ఏళ్ళుగా బిల్లు కడుతున్నాను, తిడుతున్నాను, అంతే.

ఆ ఆదివారం ఇద్దరం కిందికి దిగాం. మా అపార్టుమెంటులో మీటర్లన్నీ మెట్ల కింద వరసగా ఉంటాయి, బూజు పట్టి. మా మీటరు మీద ఓ చిన్న ఎర్రదీపం, దాని పక్కన 3200 అనే అంకె. ఆ దీపం 3200 సార్లు మిణుక్కుమంటే ఒక యూనిట్ అయినట్టట. మా ఆవిడ పైన, ఫోన్ స్పీకర్లో. "ఏమండీ, అన్నీ తీసేశాను, ఫ్రిజ్ కూడా. తొందరగా కానివ్వండి, పాలున్నాయి" అంది. వాచ్‌మన్ వచ్చి మా వెనక నిలబడ్డాడు. "కరెంటు పోయిందా సార్?" అన్నాడు.

అన్నీ తీసేశాం కదా, దీపం మిణుక్కుమనకూడదు. మిణుక్కుమంది. మావాడు ఫోన్లో టైము పెట్టాడు. ఇంకో రెండు నిమిషాలకి మళ్ళీ. పైన ఇల్లంతా గాలిస్తే దొరికింది దొంగ: టీవీ కింద సెట్‌టాప్ బాక్స్. రిమోట్‌తో టీవీ ఆపితే అదీ ఆగిపోతుందనుకునేవాణ్ణి. గోడ దగ్గర స్విచ్ తీసేదాకా అది తాగుతూనే ఉంటుంది. దాన్ని ఆపించి, వంటింట్లో తొమ్మిది వాట్ల బల్బు వేయించాం. దానికీ దీపం మిణుక్కుమనడానికి రెండు నిమిషాలు పైనే పట్టింది. అంటే ఎవరూ చూడని పెట్టె ఒకటి రాత్రీ పగలూ మా ఇంట్లో బల్బు వెలిగినంత కరెంటు తాగుతుంటే, నేను మా అమ్మ మంచం ఎక్కేలోగా లైటు ఆర్పాను. మావాడి ముందు చాలా చిన్నబోయాను.

పాత ఫ్యాను వేస్తే పదిహేను సెకన్లకోసారి. గీజరు వేస్తే సెకనుకి దాదాపు రెండు. లెక్కపెట్టబోయి వదిలేశాం. రెండు వేల వాట్ల గీజరు అరగంట కాలితే ఒక యూనిట్. అదే యూనిట్‌తో ఆ బల్బు 111 గంటలు వెలుగుతుంది, నాలుగు రోజుల పైమాట. నీళ్ళు వేడెక్కాక గీజరు దానంతటదే ఆగుతుంది, నిజమే. చల్లారినప్పుడల్లా మళ్ళీ అందుకుంటుంది. చలికాలం పొద్దున్నే గీజరు స్విచ్ వేసి, పేపరు తీసుకుని, రెండో కాఫీ అయ్యేదాకా కుర్చీ వదలని మనిషి మా ఇంట్లో ఒక్కడే. ఆయన సంతకం ఫ్రిజ్ మీద ఉంది.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు నేనూ చాలానే చదివాను. సంకల్పబలం గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. నాకు సంకల్పానికి లోటెప్పుడూ లేదు, చూపుకే లోటు. తెలియని ఖర్చుని తగ్గించబోయే మనిషి చివరికి పక్కవాళ్ళ సుఖం తగ్గిస్తాడు. దాన్ని పొదుపనే అనుకుంటాడు కూడా. ఇంట్లోవాళ్ళు దానికి పెట్టే పేరు వేరు, ఇక్కడ రాయడం బాగుండదు.

అమ్మ తన జీవితంలో ఒక్క తీర్మానమూ చేసుకోలేదు. ఎల్ఐసీ ఏజెంటు ఏటా ఇచ్చే డైరీలో రోజూ రెండు మూడు ముక్కలు రాసుకునేది. చింతపండు ఇంత, చాకలికి ఇంత, చుట్టాలొచ్చారు కనక పాలు ఎక్కువ. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయినప్పుడు పోపుల డబ్బాలో ఆవాల గిన్నె కింద నుంచి ఎనిమిది 500 నోట్లు తీసి నా చేతిలో పెట్టింది, ఇంగువ వాసనతో సహా. ఇలా పద్దు రాసుకోవడానికే జపాన్‌లో హనీ మోటోకో అనే పాత్రికేయురాలు 1904లో గృహిణుల కోసం కకేబో అనే పద్దుపుస్తకం తెచ్చారు. దాని గురించిన ఇంగ్లిషు పుస్తకం ఒకటి నేను డబ్బులు పెట్టి కొన్నాను. అమ్మ డైరీ ఫ్రీ.

ఇప్పుడు నేనూ రాస్తున్నాను, కానీ ఎంత అన్నది రాయను. ఫోన్‌తో స్కాన్ చేసి కట్టేవాటికి ఎంతో, ఎవరికో బ్యాంకు మెసేజీయే చెబుతుంది. ఎందుకన్నది మాత్రం చెప్పదు. ఆ ఒక్క ముక్కే రాస్తాను. మొదటి నెలలో "ఆకలేసి కాదు, తోచక" అన్న ముక్క మా వీధి చివర బజ్జీల బండి దగ్గర తొమ్మిదిసార్లు పడింది. అది చదివాక బజ్జీలు మానేశానని అనుకోకండి. తోచకపోతే ఇప్పుడు మేడ మీదికి వెళ్తున్నాను, ఆకలేస్తే బండి దగ్గరికి.

కుళాయి సంగతి కూడా చెప్పాలి. బాత్రూంలో కుళాయి కారుతుంటే, మీటరు దగ్గర వచ్చిన ధీమాతో పానా పట్టుకుని నేనే దిగాను. గేట్ వాల్వ్ కట్టెయ్యాలని గుర్తులేదు. పైభాగం ఊడొచ్చేసరికి నీళ్ళు నా మొహం మీంచి గోడకి కొట్టాయి. మావాడు నవ్వుతూనే పరుగెత్తి వాల్వ్ కట్టాడు. పది రూపాయల వాషరు వేసి, గట్టిగా ఉండాలని ఇంకో చుట్టు బిగించాను, కుళాయి పగిలింది. కొత్త కుళాయి, ప్లంబరు కూలీ కలిపి 650. డైరీలో దానికి కారణం "తొందర" అని రాశాను. రెండు నెలల తర్వాత వంటింటి కుళాయి కారితే ముందు వాల్వ్ కట్టాను, వాషరు మార్చాను, చేత్తో బిగించి ఊరుకున్నాను. పది రూపాయలు. ఇప్పటిదాకా కారలేదు.

ఫ్రిజ్ మీది కాగితం తీసేశాను, బిల్లు ఉంచాను. మీకూ సరదా పుడితే ఓ ఆదివారం కిందికి దిగి మీటరు చూడండి. దాని మీద అంకె 3200 కాకుండా ఇంకేదైనా ఉంటే నేను చెప్పిన సెకన్లు మీకు సరిపోవు, మళ్ళీ లెక్క కట్టుకోవాలి. పాలు ముందే కాచుకోండి.