నీ సంచిలో రెండో కత్తి

నాగోల్

చిరంజీవి చిన్నాకు,

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి సగం జవాబే చెప్పగలిగాను. ఇలాంటి సంగతులు ఫోన్‌లో చెబితే మీ వయసువాళ్లు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నింపాదిగా చదువు.

నువ్వు అడిగింది రెండు కత్తుల గురించి. ఒకటి నీ పనికత్తి. నాచారం కిచెన్‌లో మాంసం, కూరగాయలు కోసేది, మొదటి జీతంతో ఇష్టపడి కొనుక్కున్నది. రెండోది మీ బావ టెక్సాస్ నుంచి తెచ్చిచ్చిన మడత చాకు, మీట నొక్కితే టక్కున తెరుచుకునేది. పని ముగించుకుని రాత్రిపూట ఉప్పల్ మీదుగా ఇంటికి వచ్చేటప్పుడు ధైర్యానికి అది కూడా సంచిలో వేసుకుంటున్నానన్నావు. అంత పెద్ద వంటకత్తి ఉండగా లేని తప్పు ఈ చిన్నదానితో ఏం వస్తుందన్నావు. వస్తుంది బిడ్డా. ఎల్బీనగర్ కోర్టుల్లో ఏళ్ల తరబడి క్రిమినల్ కేసులు నడిపినవాడిగా చెబుతున్నాను. ఆ చిన్నది నీ పనికత్తిని కూడా అనుమానంలోకి లాగుతుంది.

ముందు పనికత్తి సంగతి చూద్దాం. 1959 ఆయుధాల చట్టం ఆయుధాలంటే తుపాకులొక్కటే అనలేదు. పదునైనవి, ప్రాణం తీయగలిగినవి కూడా అందులోకే వస్తాయంది. కేవలం ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసిన వస్తువులను మాత్రం తప్పించింది. ఆ చట్టం కింద 2016లో వచ్చిన నిబంధనలు కొలతలు కూడా చెప్పాయి. ఖడ్గాలు, బాకులు, బల్లేలు, కృపాణాలు, ఖుక్రీలు అన్నింటినీ ఐదో కేటగిరీలో చేర్చి, అలుగు 9 అంగుళాలకు మించి పొడవున్నా, 2 అంగుళాలకు మించి వెడల్పున్నా లెక్కలోకి వస్తుందన్నాయి. ఇంటికి, వ్యవసాయానికి, శాస్త్ర ప్రయోగాలకు, పరిశ్రమలకు చేసినవాటిని వదిలేశాయి. నీ షెఫ్ కత్తి అలుగు 10 అంగుళాలు. కొలత ప్రకారం గీత దాటింది. కానీ అది వంట కోసమే తయారైంది కాబట్టి లైసెన్సు అక్కర్లేదు.

ఉప్పల్ రోడ్డు పక్కన బొండాలు కొట్టే మనిషి చేతిలో కత్తి నీదానికంటే బరువైనది. రామంతాపూర్ మటన్ షాపులో మొద్దు మీద పడే కత్తి ఇంకా పెద్దది. గౌడన్న గీత కత్తులు నడుముకు కట్టుకుని తాటివనంలోకి పోతాడు. వాళ్లనెవరూ ఆపరు. చేతిలో కత్తి, చేసే పని రెండూ ఒకచోటే కళ్లకు కనిపిస్తాయి.

నీకు ఆ వెసులుబాటు లేదు. రాత్రి పదకొండు గంటలకు ఉప్పల్ రింగ్ రోడ్డులో తనిఖీ జరుగుతుంటే, నీ సంచి తెరిచినవాళ్లకు పొయ్యి కనబడదు, కూరగాయలు కనబడవు. పదంగుళాల కత్తి కనబడుతుంది. దాని వెనకున్న పనిని నువ్వే చూపించుకోవాలి. కత్తిని విడిగా పడేయకు. ఒరలో పెట్టి, మీ షెఫ్‌లు వాడే ఆ గుడ్డచుట్టలో తక్కిన పనిముట్లతో కలిపి చుట్టి, తాడు బిగించి సంచి అడుగున పెట్టు. తొక్క తీసేవి, పట్టుకార్లు, నూరుడు కడ్డీ కూడా అందులోనే ఉండాలి. ఆ చుట్ట విప్పగానే ఇతను వంటవాడని ఎవరికైనా అర్థమవుతుంది. ఐడీ కార్డు జేబులో ఉంచుకో. సొంత కత్తులు తెచ్చుకుని పనిచేస్తాడని మీ మేనేజర్ చేత లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాలు రాయించుకో. కత్తి కొన్న బిల్లు ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకో. ఫంక్షన్ హాల్లో వంట ఉన్న రోజు ఆ బుకింగ్ మెసేజ్ చెరిపేయకు. ఇంకో మాట, సంచిలో కత్తులున్న రోజు పని నుంచి నేరుగా ఇంటికి రా. దారిలో సినిమాకో, స్నేహితుల పార్టీకో ఆ సంచితో వెళితే, పనికత్తి పని వదిలేసి ఊరు తిరుగుతున్నట్టే లెక్క. అన్నిటికంటే మంచిది, మామూలు రోజుల్లో దాన్ని నాచారంలోనే లాకర్లో పెట్టి రావడం.

మెట్రోలో మాత్రం తీసుకెళ్లకు. నాగోల్ స్టేషన్లోనైనా, హబ్సిగూడలోనైనా సంచి స్కానర్లోంచి వెళ్లాల్సిందే. సెక్యూరిటీ అతను ఆపితే, నేను షెఫ్‌ని అని వాదనకు దిగకు. అతని డ్యూటీ అతను చేస్తున్నాడు. వెనక్కి వచ్చి బండి మీదో ఆటోలోనో వెళ్లు. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు, గణేశ్ నిమజ్జనం రోజు, ఎన్నికల వేళ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఊళ్లో అల్లర్లు జరగొచ్చనుకుంటే ఆయుధాలు, కర్రలు పట్టుకుని తిరగడాన్ని కొన్నాళ్లపాటు నిషేధించే అధికారం పోలీసులకుంది. హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టం నిజాం కాలంలో, ఫస్లీ 1348లో వచ్చింది. ఇప్పటికీ ఆ చట్టాన్నే ఉదహరిస్తూ కమిషనర్లు ఉత్తర్వులిస్తుంటారు. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్ కూడా అలాంటిదే, మనం నిన్నటిదాకా 144 అని పిలిచినది. అలాంటి రోజుల్లో కత్తి ఇంట్లోంచి కదలకూడదు.

ఇక బావ ఇచ్చిన చాకు. అమెరికాలో ఇది చట్టబద్ధమేనని మీ బావ అన్నాడట. అతను అబద్ధమేమీ చెప్పలేదు, కానీ అతను చెప్పింది అమెరికా సంగతి కాదు, టెక్సాస్ సంగతి. టెక్సాస్‌లో మీట చాకుల మీద ఉన్న నిషేధం 2013లో పోయింది. 2017 నుంచి అక్కడ పెద్దవాళ్లు ఏ కత్తినైనా దగ్గర ఉంచుకోవచ్చు. అలుగు ఐదున్నర అంగుళాలు దాటితే మాత్రం స్కూళ్లు, బార్ల వంటి కొన్ని చోట్లకు తీసుకెళ్లకూడదు. అలుగు మూడున్నర అంగుళాలున్న ఈ చాకునే జేబులో వేసుకుని అతను కాలిఫోర్నియాలో దిగితే నేరస్థుడే. అక్కడ మీట చాకు అలుగు 2 అంగుళాలు ఉంటే చాలు, పట్టుకుంటారు. న్యూయార్క్ నగరంలోనైతే మామూలు కత్తికి కూడా 4 అంగుళాల హద్దుంది. అక్కడ రాష్ట్రానికో చట్టం, కొన్నిచోట్ల నగరానికో చట్టం. డల్లాస్‌లో ఉండే మనవాళ్లు సెలవులకు లాస్ ఏంజెలిస్ వెళ్లేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. బావతో ఒకసారి చెప్పు.

మన దగ్గర అలా కాదు. ఆయుధాలనేవి రాజ్యాంగంలో కేంద్ర జాబితాలో ఉన్నాయి. చట్టం దేశానికంతా ఒకటే. పోలీసులు, శాంతిభద్రతలు రాష్ట్రం చేతిలో ఉంటాయి. తుపాకీకి ఎక్కడైనా లైసెన్సు కావాల్సిందే. కత్తుల విషయంలో ఆయుధాల చట్టం నాలుగో సెక్షన్ ఒక పద్ధతి పెట్టింది. ఫలానా ప్రాంతంలో ఫలానా రకం కత్తులకు కూడా లైసెన్సు కావాలని గెజిట్ నోటిఫికేషన్ ఇస్తే, అక్కడ లైసెన్సు లేకుండా అవి దగ్గరుంచుకోవడం నేరమవుతుంది. 25వ సెక్షన్ కింద కనీసం ఏడాది జైలు. ఢిల్లీలో 1980లో వచ్చిన నోటిఫికేషన్ సరిగ్గా నీ దగ్గరున్నలాంటి చాకుల గురించే. స్ప్రింగుతో, బటన్‌తో తెరుచుకునేది, అలుగు 7.62 సెంటీమీటర్లు, వెడల్పు 1.72 సెంటీమీటర్లు లేదా ఆపైన ఉంటే దాని పరిధిలోకి వస్తుంది. నీ చాకు దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు.

నాగోల్ ఢిల్లీ కాదు కదా అంటావు. కాదు. లాయరుగా నేను కోర్టులో అదే వాదిస్తాను, గెలవొచ్చు కూడా. 2025లో సుప్రీంకోర్టు ఢిల్లీకి చెందిన బటన్ చాకు కేసునే ఒకదాన్ని కొట్టేసింది. ఆ నోటిఫికేషన్ తయారీ గురించి, అమ్మకం గురించి, అమ్మడానికి దగ్గర పెట్టుకోవడం గురించి మాట్లాడుతోందని, ఛార్జిషీటులో అలాంటి ఆరోపణే లేదని అంది. న్యాయం జరిగింది, సంతోషమే. కానీ ఆ మనిషి జేబులో దొరికిన ఒక్క చాకు కోసం హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. లాయర్ల ఫీజులు, వాయిదాలు, పనికి పెట్టిన సెలవులు ఎవరు తిరిగిస్తారు? హైదరాబాద్‌లోనూ కత్తులు, తల్వార్లు దొరికినవాళ్ల మీద ఆయుధాల చట్టం కింద కేసులు పెడుతూనే ఉన్నారు. కేసు నిలబడుతుందా లేదా అన్నది తేలేసరికి వయసు జారిపోతుంది.

ఇప్పుడు ఆ రెండు కత్తులనూ ఒకే సంచిలో ఊహించుకో. గుడ్డచుట్ట విప్పి, ఐడీ కార్డు చూపించి, నేను వంటవాణ్ణి సార్ అన్నావు. ఎస్సై నమ్మాడు. పక్క జిప్పు తెరిస్తే మీట చాకు బయటపడింది. మరి ఇదెందుకు బాబూ అని అడుగుతాడు. దాంతో ఉల్లిపాయలు తరుగుతానని చెప్పలేవు. ఆత్మరక్షణ కోసం అన్నావా, మనిషి మీద వాడడానికే తెచ్చుకున్నట్టు నీ నోటితో నువ్వే ఒప్పుకున్నట్టు. అప్పుడు ఆ పదంగుళాల కత్తి కూడా వంటకత్తిలా కనిపించదు. పంచనామాలో రెండు కత్తులని రాస్తారు.

ఆత్మరక్షణ హక్కు నీకు లేదని నేను అనడం లేదు. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లన్నీ ఆ హక్కు గురించే. అయితే ఆ హక్కుకు కొలత ఉంది. అవసరమైనంత దెబ్బే కొట్టాలి. పోలీసుల సాయం అందే వీలుంటే ఆ దారే చూడాలి. రింగ్ రోడ్డు దగ్గర తాగినవాడొకడు నీ కాలర్ పట్టుకున్నాడనుకో. నువ్వు తోసేస్తే, వాడు పడి మోచేయి గీసుకుపోతే, కేసంటూ అయినా అది 115వ సెక్షన్. గరిష్ఠంగా ఏడాది. అదే చాకుతో గీస్తే 118, మూడేళ్ల దాకా శిక్ష. గాయం లోతుగా దిగితే అదే సెక్షన్ యావజ్జీవం దాకా వెళుతుంది. హత్యాయత్నమని 109 పెట్టినా ఆశ్చర్యపోకు. చేతిలో చాకు ఉన్నవాడు పరుగెత్తడు, నిలబడతాడు. నా దగ్గరకు వచ్చిన కుర్రాళ్ల కేసుల్లో ఎక్కువ భాగం అలా నిలబడినందువల్ల వచ్చినవే. వాళ్లెవరూ చంపాలని ఇంట్లోంచి బయలుదేరినవాళ్లు కారు. తల్లులు కోర్టు మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే చూసినవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నీ కోరిక కూడా గుర్తు చేయాలి. ఓడల మీద వంట ఉద్యోగానికి వెళ్లాలని ఉందన్నావు. దానికి పాస్‌పోర్టు కావాలి, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కావాలి. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. కోర్టు అనుమతి తెచ్చుకుంటే తప్ప కదలదు. అమెరికా వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు. కేసు కొట్టేశారా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి. ఓడ నీకోసం వాయిదాలు అయిపోయేదాకా రేవులో ఆగదు.

నీ స్నేహితుల పుట్టినరోజు వీడియోలు కూడా మీ చెల్లి చూపించింది. తల్వార్‌తో కేకు కోసి, దాన్ని ఎత్తి పట్టుకుని ఫోటోలు దిగడం. అలాంటివాళ్ల మీద కేసులు పెట్టారని పేపర్లో ఎన్నిసార్లు రాలేదు! ఆ ఫోటోల్లో నువ్వు వెనక నిలబడినా నీ మొహం కనబడుతుంది. దసరాకు ఇంట్లో కత్తికి బొట్టు పెట్టి పూజ చేసుకో, ఎవరూ కాదనరు. సిక్కు సోదరులు కృపాణం ధరించడాన్ని రాజ్యాంగంలోని 25వ అధికరణమే వారి మతధర్మంలో భాగంగా ఒప్పుకుంది. రోడ్డు మీద తల్వార్ తిప్పుతూ రీల్ చేయడానికి వీటితో ఏ సంబంధమూ లేదు. ఆ గుంపులోంచి బయటకు రా.

నువ్వు చేయాల్సింది ఒకటే. ఈ ఆదివారం ఆ చాకు తెచ్చి నాకివ్వు. బావ మనసు నొచ్చుకుంటాడని భయపడకు, నేను మాట్లాడతాను. మేనేజర్ లెటర్‌లో ఏం రాయాలో నేనే రాసి పంపుతాను, టైపు చేయించి సంతకం పెట్టించుకో.

రాత్రి భయం సంగతి నాకు తెలియనిది కాదు. నారపల్లి ఫ్లైఓవర్ పిల్లర్ల పక్కన చీకటి, ఆ తాగుబోతుల గుంపులు నేనూ చూస్తుంటాను. అటు నడవకు. రింగ్ రోడ్డులో స్కైవాక్ కింద దుకాణాల వెలుగు ఉన్నచోటే దిగు. ఎవడైనా వెంటపడితే 112కు కొట్టు. పని ముగిసేసరికి పదకొండు దాటిన రోజు నాచారంలో బయలుదేరేటప్పుడే నాకు ఫోన్ చెయ్యి. నాకెలాగూ ఆ వేళకు నిద్ర పట్టదు, బండి మీద ఉప్పల్ దాకా వచ్చి తీసుకొస్తాను. మీ అమ్మకు కూడా ఈ మాట చెప్పు.

ఇట్లు,
నీ పెద్దబాపు