హెడ్‌ఫోన్లలో ధ్వనిరంగము, ధ్వనిబింబము: ఒక పరిశీలన

కళాశాల గ్రంథాలయానికి అనుబంధంగా ఒక శ్రవణమందిరం ఏర్పాటు చేయవలెనని, ఉర్దూ శాఖవారు భద్రపరచిన ముషాయిరా కాసెట్లను, తెలుగు శాఖ వద్ద గల సంగీత, ఉపన్యాస ధ్వనిముద్రణలను విద్యార్థులు అక్కడ కూర్చుండి వినగలిగే వీలు కల్పించవలెనని పాలకవర్గం వారు సంకల్పించిన సంగతి మీలో పలువురు ఎరిగినదే. ఆ మందిరానికి కొనదలచిన హెడ్‌ఫోన్ల వివరపత్రాలు పరిశీలించే పని మా మీద పడినది. తెలుగు పాఠం చెప్పేవారికి ఈ యంత్రాల గొడవ ఎందుకని మిత్రులు కొందరు నవ్వారు. కాని ఆ పత్రాలలో రెండు మాటలు పదే పదే కనిపించి మమ్ములను నిలవేశాయి. ఒకటి సౌండ్‌స్టేజ్, రెండవది ఇమేజింగ్. వేల రూపాయల వస్తువునకు, లక్ష రూపాయల వస్తువునకు గల అంతరమంతా ఈ రెండు మాటలలోనే ఇమిడి ఉన్నదన్నట్లు అమ్మకందారులు వ్రాస్తారు. మాటకు అర్థం తేల్చడం భాషాధ్యాపకుల వృత్తిధర్మమే కదా!

ముందుగా పరిభాష సంగతి. సౌండ్‌స్టేజ్‌ను ధ్వనిరంగమనీ, ఇమేజింగ్‌ను ధ్వనిబింబమనీ మేము వ్యవహరిస్తాము. హెడ్‌ఫోన్‌ను మాత్రం తెనిగించే ప్రయత్నం చేయలేదు. శ్రవణయంత్రమంటే వినికిడి తగ్గినవారు పెట్టుకునే సాధనమని భ్రమపడతారు.

ముషాయిరాకు వెళ్లిన అనుభవం గలవారికి ఈ రెంటి భేదం సులభంగా బోధపడుతుంది. కన్నులు మూసుకొని కూర్చున్నా పందిరి ఎంత పెద్దదో, కవిగారు మనకు ఎంత దూరాన నిలిచి చదువుతున్నారో, సభ ఎటువైపు ఎంతవరకు పరుచుకొని ఉన్నదో మనకు తెలుస్తూనే ఉంటుంది. ఇది ధ్వనిరంగము. షేర్ పూర్తి కాగానే ‘వాహ్ వా’ అన్నది కుడివైపు మూడవ వరుసలోని పెద్దమనిషా, లేక ఆయన ప్రక్కన కూర్చున్నవారా అన్నది కూడా చెప్పగలగడం ధ్వనిబింబము. రంగము విశాలమైనంత మాత్రాన బింబము స్పష్టం కావాలని లేదు. పందిరి పెద్దదిగానే తోచి, అందులోని మనుషులు మంచులో ఉన్నట్లు అస్పష్టంగా వినిపించవచ్చును. అట్లే చిన్న గదిలో నలుగురు కూర్చున్నట్లు తోచినా, ఆ నలుగురి స్థానాలు సూదితో గుచ్చినట్లు తెలియవచ్చును. ఈ రెంటినీ కలిపివేయడమే వివరపత్రాలలోని మొదటి దోషం.

అసలు చెవికి దిక్కు ఎట్లా తెలుస్తుంది? ఒక పని చేసి చూడండి. కన్నులు మూసుకొని, కుడిచెవికి జానెడు దూరంలో బొటనవ్రేలిని చూపుడువ్రేలితో రాయండి. ఆ చిన్న శబ్దం ఎక్కడున్నదో మీకు ఇట్టే తెలుస్తుంది. కుడిచెవికి చేరిన తరంగమే తల చుట్టూ తిరిగి ఎడమచెవికి కొంత ఆలస్యంగా, కొంత బలహీనంగా చేరుతుంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. తల చుట్టుకొని పోవలసిన అదనపు దూరం ఇరవై సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ. కాబట్టి పూర్తిగా ఒక ప్రక్క నుండి వచ్చిన ధ్వనికి రెండు చెవుల మధ్య కాలభేదం 0.6 నుండి 0.7 మిల్లీసెకన్లు మాత్రమే. ఇంత స్వల్పభేదాన్ని మెదడు లెక్క కట్టగలుగుతున్నది! మంద్రధ్వనులకు ఈ కాలభేదము, తారధ్వనులకు బలభేదము దిక్కును తెలుపుతాయని 1907లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ వివరించాడు. దరిదాపు 1500 హెర్ట్జ్ వద్ద ఒకటి తగ్గి మరొకటి ప్రధానమవుతుంది.

అయితే ఎదుటి ధ్వనికీ, సరిగ్గా వెనుకనున్న ధ్వనికీ ఈ రెండు భేదాలూ శూన్యమే. అయినా ముందేదో వెనుకేదో మనకు తెలుస్తున్నది. ఇందుకు బయటి చెవి డొప్పలోని మడతలు కారణం. అవి ఒక్కొక్క దిక్కు నుండి వచ్చే తారధ్వనులను ఒక్కొక్క తీరున మలచి లోనికి పంపుతాయి. ఎవరి చెవి మడతలు వారివే. చాలని చోట మనం తల కొంచెం త్రిప్పి చూస్తాము, సందేహం తీరుతుంది. హెడ్‌ఫోన్ల కష్టమంతా ఇక్కడే మొదలవుతుంది.

రెండు చెవులకు రెండు వేరు ధ్వనులను అందించే ప్రయత్నం లౌడ్‌స్పీకర్ల కన్న ముందే జరిగినదని తెలిసినప్పుడు మాకు ఆశ్చర్యం కలిగింది. 1881లో పారిస్ నగరంలో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో క్లెమాఁ అడేర్ అనే ఇంజనీరు ఒపేరా రంగస్థలం అంచున వరుసగా టెలిఫోను ప్రేషకాలు అమర్చి, ప్రదర్శనశాలలో ఒక్కొక్క శ్రోతకు రెండేసి గ్రాహకాలు ఇచ్చాడు. గాయకులు అటునుండి ఇటు నడుస్తుంటే ఆ నడక శ్రోతలకు చెవులలో తెలిసినది. స్టీరియో అని నేడు మనం చెప్పుకునే విధానానికి పూర్తి రూపకల్పన చేసినవాడు అలన్ బ్లూమ్‌లైన్. ఇతడు ఇ.ఎమ్.ఐ. సంస్థలో ఇంజనీరు. 1931 డిసెంబరులో పేటెంటుకు దరఖాస్తు చేసేనాటికి ఇతని వయస్సు 28 ఏళ్లు. 1934లో లండనులోని ఆబీ రోడ్ స్టూడియోలో బీచమ్ నిర్వహించిన వాద్యబృందాన్ని ఈ పద్ధతిలో ముద్రించాడు. 1942లో రాడార్ పరీక్షల విమానం కూలి మరణించాడు. నలభై ఏళ్లు కూడా నిండలేదు.

స్టీరియో ముద్రణలు సాధారణంగా లౌడ్‌స్పీకర్లను దృష్టిలో ఉంచుకొని చేసేవి. గదిలో రెండు స్పీకర్లు పెట్టినప్పుడు ఎడమ స్పీకరును ఎడమచెవి ఒక్కటే వినదు, కుడిచెవి కూడా కొంచెం ఆలస్యంగా వింటుంది. గోడలు తిరిగి పలుకుతాయి. తల త్రిప్పితే దిక్కులు మారవు. హెడ్‌ఫోన్లలో ఇవేవీ లేవు. ఎడమది ఎడమకే, కుడిది కుడికే. తల త్రిప్పితే కచేరీ అంతా తలతోపాటు తిరుగుతుంది. అందువల్ల మెదడు ఆ ధ్వనికి బయట చోటు చూపలేక తల లోపలే నిలుపుతుంది. రెండు చెవులను కలిపే ఒక గీత మీద గాయకుడు నడినెత్తిన, వాద్యాలు చెవుల దగ్గర! ఈ లోపానికి మందుగా ఒక వైపు ధ్వనిలో కొంత భాగాన్ని స్వల్ప ఆలస్యంతో రెండవ వైపు కలిపే విద్యుత్‌వలయాన్ని బెంజమిన్ బాయర్ 1961లో ప్రతిపాదించాడు. అది కొంత ఊరట, పూర్తి చికిత్స కాదు.

కాబట్టి హెడ్‌ఫోన్లలో ధ్వనిరంగమంటే, నిజానికి, తల లోపలి ఈ గీతను ఎంతవరకు బయటకు సాగదీయగలిగారన్నదే. మూసిన గిన్నె వంటి హెడ్‌ఫోన్లలో వెనుకకు పోయిన ధ్వని లోపలే తిరిగి వచ్చి చెవిని క్రమ్ముతుంది. వెనుకవైపు తెరచి ఉంచితే ఆ ఒత్తిడి తగ్గుతుంది. జర్మనీలోని జెన్‌హైజర్ సంస్థ 1968లో ఎచ్.డి. 414 అనే తెరచిన రకాన్ని తెచ్చి ఈ మార్గం చూపింది. 1990 ప్రాంతంలో వియన్నాకు చెందిన ఎ.కె.జి. వారు కె 1000 అనే సాధనంలో చెవిమెత్తలనే తీసివేసి, చిన్న స్పీకర్లను తలుపురెక్కల వలె చెవి ముందు వ్రేలాడదీశారు. ధ్వని కొంచెం ముందునుండి, కొంచెం దూరంనుండి వస్తే చెవి డొప్ప తన పని తాను చేసుకుంటుందని భావం. 2009లో వెలువడిన జెన్‌హైజర్ ఎచ్.డి. 800లో ఈ ఆలోచన మరింత పరిణతి పొందింది. 56 మిల్లీమీటర్ల వలయాకారపు కంపకాన్ని చెవికి దూరంగా, ఏటవాలుగా ముందుకు జరిపి అమర్చారు. నాటి వెల సుమారు 1,400 డాలర్లు.

ధ్వనిబింబానికి కావలసినది వేరు. ఎడమ కుడి కంపకాలు రెండూ అన్ని స్థాయిలలోను ఒకే విధంగా పలకవలెను. ఒక స్వరం దగ్గర ఎడమది, మరొక స్వరం దగ్గర కుడిది కొంచెం బలంగా పలికిందా, ఒకే గాయకుడు రాగం పెరిగేకొద్దీ అటూ ఇటూ జరుగుతున్నట్లు వినిపిస్తాడు. ఈ జంట కుదుర్చడం శ్రమతో కూడిన పని. ఖరీదైన వస్తువులో వెలకు తగిన భాగం ఇదేనని మా అభిప్రాయం.

విదేశం నుండి వచ్చిన మిత్రుడొకరు తమ వద్దనున్న ఎచ్.డి. 800ను, దానికన్న పాతదైన 1997 నాటి ఎచ్.డి. 600ను మాకు వారం రోజులపాటు అరువిచ్చారు. సభలోని అమరిక ప్రకారం స్టీరియోలో ముద్రించిన ఒక కర్ణాటక సంగీత కచేరీని రెంటితోను విన్నాము. మొదటి రోజు ఒక నిండు పుట విమర్శ వ్రాసుకున్నాము. ఒకదానిలో వయొలిన్ ఎడమన, మరొకదానిలో కుడిన వినిపించగా, పెద్దది రంగాన్ని తిరగవేసి చూపుతున్నదని ఒక సిద్ధాంతం కూడా లేవదీశాము! మరునాడు మా డిగ్రీ విద్యార్థి ఒకరు వచ్చి విన్నాడు. అతని తండ్రి నాదస్వర విద్వాంసులు. షేక్ చిన మౌలానాగారి స్వస్థలమైన ప్రకాశం జిల్లా కరవది పరిసరాల వారు. అతడు అర నిమిషమైనా వినకముందే, “మాస్టారూ, మృదంగం కుడివైపు నుంచి వస్తున్నదేమండీ? వలంతల సభవైపు ఉండాలి గదా, మృదంగం వారు మనకు ఎడమనే కూర్చుంటారు” అన్నాడు. చూడగా మేము పెద్ద హెడ్‌ఫోన్‌ను తిరగవేసి తలకు పెట్టుకున్నాము. ఆ పుటను చింపివేసి మళ్లీ మొదలుపెట్టాము.

రెండవ పొరపాటు ఇంతకన్న సూక్ష్మం. రెంటినీ సమానమైన బిగ్గరతనంతో వినిపించనిదే పోలిక చెల్లదు. కొంచెం బిగ్గరగా వినిపించినదే మనకు విశాలంగాను, స్పష్టంగాను తోస్తుంది. ఇది సరిచేసుకొని విన్నప్పుడు తేలినది ఇది. ఎచ్.డి. 800లో రంగము నిస్సందేహంగా పెద్దది. మృదంగం చెవికి అవతల, భుజం దాటి ఉన్నట్లు తోచింది. రెండు వాద్యాల నడుమ ఖాళీ చోటు కూడా వినిపించింది, అది ముచ్చటైన అనుభవం. ఎచ్.డి. 600లో ఎడమ, నడుమ, కుడి అన్న మూడు చోట్ల ధ్వని గుమిగూడి, మధ్యలో పలుచబడినది. కాని గాత్రం సంగతి వచ్చేసరికి మా మనస్సు చిన్నదానివైపే మొగ్గింది. పెద్దదానిలో గాయకుడు వెనుకకు జరిగి, ఆరువేల హెర్ట్జ్ ప్రాంతపు మెరుపు వల్ల సకారాలు కొంత పదునుగా వినిపించాయి. చిన్నదానిలో ఆయన ఎదుట కూర్చుండి పాడినట్లే ఉన్నది. గజల్ వినదలచినవారు విశాలమైన మైదానం కోరతారా, దగ్గరి బైఠక్ కోరతారా? దీనికి శాస్త్రం జవాబు చెప్పజాలదు.

ఇక మన మందిరానికి నేరుగా సంబంధించిన మాట. యంత్రం ఎంతటిదైనా ముద్రణలో లేని రంగాన్ని కల్పించలేదు. మనుష్యుని తలను పోలిన బొమ్మకు చెవులలో మైకులు అమర్చి ముద్రించే పద్ధతి ఉన్నది. నోయ్‌మన్ సంస్థవారి అటువంటి తల 1973లో బెర్లిన్‌లో ప్రదర్శితమైనది. ఆ ముద్రణలను సామాన్యమైన హెడ్‌ఫోన్‌తో విన్నా ధ్వని చుట్టూ తిరుగుతుంది. మన ఉర్దూ శాఖ కాసెట్లు అటువంటివి కావు. ఒకే మైకుతో పట్టిన మోనో ముద్రణలు. అందులో కవిగారూ, సదర్‌గారూ, వెనుక వరుసల ‘వాహ్ వా’లూ అన్నీ నడినెత్తిన ఒకే బిందువు వద్ద ఉంటాయి. 1,400 డాలర్ల వస్తువూ వాటిని విడదీయజాలదు. పైగా తెరచిన రకం హెడ్‌ఫోన్లు పదిమంది ప్రక్కప్రక్కన పెట్టుకుంటే ఒకరి పాట మరొకరికి వినిపిస్తుంది. కిటికీ అవతల బస్సుల రొదకు విద్యార్థులు ధ్వని పెంచుతారు. పెద్దలకు 80 డెసిబెల్ల ధ్వని వారానికి 40 గంటలు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టినది. రొద మధ్య ఆ హద్దు దాటడం ఎంతసేపు? కావున నాణ్యమైన మూసిన రకాన్ని, మధ్యతరగతి వెలలో, ఎక్కువ సంఖ్యలో కొనవలెనని, మిగిలిన సొమ్ము కాసెట్లను చెడకముందే కంప్యూటరులోనికి ఎక్కించడానికి వినియోగించవలెనని మేము పాలకవర్గం వారికి మనవి చేశాము. తెరచిన రకం ఒక్కటి, సంగీతం నేర్చే విద్యార్థుల కొరకు, ప్రత్యేకంగా ఉంచితే చాలును.

మరొక మనవి కూడా చేశాము. ప్రతి బల్ల వద్ద స్టీరియోను మోనోగా కలిపే మీట ఒకటి ఉండవలెను. ఉర్దూ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న మా పెద్దలొకరికి ఎడమచెవి పూర్తిగా వినికిడి కోల్పోయినది. స్టీరియో కచేరీ పెడితే ఆయనకు సగం కచేరీయే అందుతుంది, ఎడమనున్న మృదంగం లేనట్లే. హెడ్‌ఫోన్లలో రెండవ చెవికి ఆ ధ్వని చేరే దారి లేదు. అదే ముషాయిరా కాసెట్టు పెట్టినప్పుడు ఆయనకు ఏ లోటూ కలుగలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకొని, తెరపై పేరేమీ లేకుండానే, ఈ దాద్ ఫలానా వకీలు సాహెబుది, ఈ దగ్గు ఫలానా హకీము సాహెబుది అని గొంతులనుబట్టి ఒక్కొక్కరినీ మాకు చెప్పారు. మేము ఆ పేర్లన్నీ కాసెట్టు డబ్బా లోపలి కాగితం మీద వ్రాసుకున్నాము. ఇంకా పదకొండు కాసెట్లు మిగిలి ఉన్నాయి.