వైరింగ్ సామాను ఎవరు కొనాలి?

ప్రశ్న: తెనాలిలో రెండు పడక గదుల ఇల్లు కట్టిస్తున్నాం. వైరింగ్ సామాను మేమే కొనాలా, ఎలక్ట్రీషియన్‌కే మొత్తం అప్పగించాలా?
– ఓ పాఠకురాలు

జవాబు: కొత్త ఇల్లు కాబట్టి సామాను మీరే కొనండమ్మా. జాబితా మాత్రం ఎలక్ట్రీషియన్ చేతే రాయించండి. కూలీ పాయింటుకింత అని ముందే మాట్లాడుకోండి.

గోడ పూశాక లోపల ఏ వైరు వేశారో కనిపించదు. అందుకే వైర్ల దగ్గర పొదుపు చూడకండి. ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 694 ముద్ర ఉన్న రాగి వైరే తీసుకోండి. సాధారణంగా లైట్లు, ఫ్యాన్లకు 1.5, పవర్ ప్లగ్గులకు 2.5, ఏసీ, గీజర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడతారు. కాయిల్స్ సీలు మీ ముందే విప్పాలి. సరైన ఎర్తింగ్, షాక్ నుంచి కాపాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వద్దనుకోకండి.

కొన్ని దుకాణాలు పనివాళ్లకు కమీషన్ ఇస్తుంటాయి. రెండుచోట్ల ధర కనుక్కుని, మీ పేరున బిల్లు తీసుకోండి. మిగిలిన సరుకు వాపసు తీసుకుంటారేమో ముందే అడగండి.

అయితే ఒక చిక్కుంది. మీరు కొన్న స్విచ్చు పాడైతే దుకాణం చుట్టూ మీరే తిరగాలి, ఎలక్ట్రీషియన్ పూచీ బిగింపు వరకే. చిన్న రిపేర్లకైతే సామాను ఆయన్నే తెమ్మనడం మేలు. మీరు తప్పు సరుకు తెస్తే ఆ రోజు కూలీ దండగే.